శనిగ్రహం దాకా ఒక బూట్ల డబ్బా

నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్ళే పొద్దుటి రైల్లో నిశ్శబ్ద బోగీ అని ఒకటి ఉంటుంది. అందులో ఫోన్ మాట్లాడకూడదు, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పకూడదు, చెవిలో పాట పొరుగువారి చెవికి చేరకూడదు. చిప్స్ తినకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ లోపాన్ని కనిపెట్టిన మహానుభావుడొకాయన రోజూ నా ముందు వరసలోనే కూర్చుంటాడు. పొద్దున్నే చిప్స్ తినేవాళ్ళ మీద నాకు వ్యక్తిగతంగా కోపమేమీ లేదు. కానీ ఈయన ఒక్కోదాన్నీ విడిగా తీసి, పరిశీలించి, దానికి పూర్తి న్యాయం చేసి తింటాడు. ఒక కరకరకీ ఇంకో కరకరకీ మధ్య వచ్చే ఎదురుచూపు ఉంది చూశారూ, అసలు హింస అది. ఈ సంగతి మీద రైలు నడిపేవాళ్ళకి ఈమెయిల్ రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. చిప్స్ ఆహారం కిందికి వస్తాయట, శబ్దం కిందికి రావట.

ఆ బోగీలోనే ఒక గురువారం కండక్టర్ వచ్చి ఒకరిని మందలించాడు. చిప్స్ ఆయన్ని కాదు. ఆయనకి అటువైపు కిటికీ పక్కన కూర్చున్న ఒక నల్లజాతి పెద్దావిడని. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మొహంలో సగం ఆక్రమించిన కళ్ళజోడు. ఆవిడ చేస్తున్న నేరమల్లా ముందు సీటు మీద రెండు వేళ్ళతో మెల్లగా తాళం వేసుకోవడం.

"ఇది క్వయట్ కార్, మేడమ్," అన్నాడు కండక్టర్.

ఆవిడ చిప్స్ వైపు చూసింది, కండక్టర్ వైపు చూసింది, మళ్ళీ చిప్స్ వైపు చూసింది.

"అవును, వినబడుతోంది," అని సంచీ తీసుకుని పక్క బోగీలోకి వెళ్ళిపోయింది.

నేను కూడా లేచి వెనకే వెళ్ళాను. సంఘీభావం అనుకోవచ్చు. చిప్స్ నుంచి పారిపోయానని కూడా అనుకోవచ్చు. పక్కన కూర్చుని, దేనికి తాళం వేస్తున్నారని అడిగాను.

"పద్యానికి. నాలుగో పాదంలో ఒక దెబ్బ ఎక్కువైంది. ఎక్కడో దొరకడం లేదు."

గురువులూ లఘువులూ గుర్తించి మార్కులు తెచ్చుకున్న బడిలో చదువుకున్నదాన్ని. ఆ బాధ నాకు బాగా తెలుసు. షికాగో వచ్చేలోపల ఇద్దరం కలిసి ఆ దెబ్బని పట్టుకున్నాం.

ఆవిడ షికాగో దక్షిణ భాగంలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. చెల్లెలి ఇంటికి దగ్గరగా ఉంటుందని మా ఊళ్ళో ఫ్లాట్ తీసుకుంది. గురువారాలు మాత్రం సిటీకి వెళ్ళి, ఒక చర్చి నేలమాళిగలో పెద్దవాళ్ళకి కవిత్వం రాయడం నేర్పుతుంది. రెండు కవితా సంపుటాలు అచ్చయ్యాయి. సైన్స్ ఫిక్షన్ కథలు చిన్న పత్రికల్లో వచ్చాయి. ఇవన్నీ తెలిశాక పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. 'టీచర్' అన్నాను. రిటైరయ్యాక ఎవరూ అలా పిలవలేదని సంతోషించింది. ఆవిడ నన్ను 'బేబీ' అంటుంది. అదే మాట మా ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ విభాగంలో మా మేనేజర్ అంటే హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళేదాన్ని. టీచర్ అంటే మాత్రం గోరుముద్దలా ఉంటుంది.

"ఫిజిక్స్ టీచరూ కవయిత్రీ అంటే అర్థమైంది. అంతరిక్ష కథలెందుకు?" అని ఒకసారి అడిగాను.

"చిన్నప్పుడు టీవీలో అంతరిక్ష ఓడల కార్యక్రమాలు వచ్చేవి. ఒక్కటీ వదిలేదాన్ని కాదు. వాటిలో ఆకుపచ్చవాళ్ళుండేవాళ్ళు, నీలంవాళ్ళుండేవాళ్ళు, నెత్తిమీద కొమ్ములున్నవాళ్ళుండేవాళ్ళు. మావాళ్ళు మాత్రం కనబడేవాళ్ళు కాదు. అంటే రాబోయే కాలానికి మమ్మల్ని పిలవలేదన్నమాట. పిలవని చోటికి వెళ్ళాలంటే రాసుకుంటూ వెళ్ళడమే."

కొన్నాళ్ళకి తన నవల చదవమని ఇచ్చింది. కథ క్లుప్తంగా చెబుతాను. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద పని దొరుకుతుందని విని కొన్ని కుటుంబాలు ఓడ ఎక్కుతాయి. వాళ్ళలో అమ్మమ్మ పెంచిన ఒక చిన్నపిల్ల కూడా ఉంటుంది. ఓడలో అందరికీ చోటుంది, క్యాంటీన్‌లో మాత్రం అందరికీ లేదు. క్యాంటీన్ తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. ఎవర్నీ కసరదు. నవ్వు మొహంతోనే, "నీ వరస ఇది కాదు తల్లీ," అని పిల్లని వెనక్కి తిప్పి పంపుతుంది. పిల్ల వచ్చి తన చోట కూర్చుని, అమ్మమ్మ దారం కట్టి ఇచ్చిన బూట్ల డబ్బా విప్పుకుంటుంది. లోపల మైనం కాగితంలో చుట్టిన వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు, ఒక కేకు ముక్క. తిన్నాక దారాన్ని చుట్టచుట్టి దాచుకుంటుంది, మళ్ళీ కావాలి కనక. ఆ డబ్బా నవలంతా ప్రయాణం చేస్తుంది. తిండి అయిపోయాక అందులో మట్టి పోస్తారు, తర్వాత విత్తులు నాటతారు, చివరి అధ్యాయంలో నెలలు నిండకుండా పుట్టిన ఒక పసిబిడ్డ అందులో నిద్రపోతుంది.

రైల్లో చదువుతూ దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను. షికాగో ఆఖరి స్టేషనే కాబట్టి పెద్ద ప్రమాదమేమీ జరగలేదు.

"ఇది ఎందుకు అచ్చు కాలేదు టీచర్?"

అచ్చయ్యేదేనట. న్యూయార్క్‌లో ఒక ప్రచురణకర్త చాలా మెచ్చుకుంటూ రాశాడు. ఒకే ఒక్క మార్పు కోరాడు. శనిగ్రహానికి ఓడలు నడిపే కాలంలో అట్టడబ్బా ఏమిటి, పాఠకులు తికమకపడతారు, దాన్ని 'స్మార్ట్ కంటెయినర్' చేస్తే వెంటనే వేస్తామన్నాడు. టీచర్ ఒక్క వాక్యంలో జవాబు రాసింది. ఆ వాక్యమేమిటో నాకు చెప్పలేదు గానీ ఆయన మళ్ళీ ఉత్తరం రాయలేదు. తర్వాత ఇంకొందరు చూశారు. అందరికీ పుస్తకం నచ్చింది, డబ్బా నచ్చలేదు.

"ఉన్నది ఉన్నట్టు బయటికి వస్తే ఇంకోటి రాస్తాను," అంది టీచర్. "రాకపోతే నవలలు రాయడం నాకు అయిపోయినట్టే. రైల్లోకి పద్యాలు చాలు."

ఏడుపుగొంతుతో అనలేదు. టైమ్‌టేబుల్ చదివినట్టు అంది. అందుకే నాకు నచ్చలేదు.

ఇక్కడ నా ప్రవేశం. పెద్ద పాత్రేమీ కాదు. కాలేజీలో ఉండగా తెలుగులో కొన్ని కథలు రాశాను. అమెరికా వచ్చాక రాసినవన్నీ ఈమెయిళ్ళే. మా తెలుగు సంఘానికి ఒక నెలవారీ వెబ్ పత్రిక ఉంది. సంపాదకులుగారు న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉంటారు, మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. అప్పుడాయనకి ఒక సీరియల్ అత్యవసరంగా కావాలి. నడుస్తున్న సీరియల్ రచయిత వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళి అక్కడ ఇరుక్కుపోయాడు. కథానాయిక నెలల తరబడి పెళ్ళిపీటల మీదే కూర్చుని ఉంది. పాఠకులకంటే ముందు ఆమెకే విసుగొచ్చి ఉంటుంది.

"మీ నవల తెలుగులో చేస్తాను," అన్నాను టీచర్‌తో.

"ఎంతమంది మాట్లాడతారు ఆ భాష?"

చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అంతమందా? మరి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?"

శనివారాలు లైబ్రరీలో ఒక చిన్న గది బుక్ చేసుకునేవాళ్ళం. మా పద్ధతి చూస్తే ఏ యూనివర్సిటీ ఒప్పుకోదు. ముందు ఆవిడ ఇంగ్లీషులో ఒక పేజీ చదువుతుంది. తర్వాత నేను అదే పేజీ తెలుగులో చదువుతాను. నేను చదువుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకుని బల్ల మీద రెండు వేళ్ళతో తాళం వేస్తుంది. వేళ్ళు ఆగిన చోట నా అనువాదం ఆగినట్టే.

"ఇక్కడ నీ వాక్యం కూర్చుండిపోయింది. నాది నడుస్తుంది," అనేది.

"మీకు తెలుగు రాదు కదా టీచర్."

"నడక వచ్చు."

వాదించేదాన్ని. ఇంటికెళ్ళి చూస్తే ఆ వాక్యం నిజంగానే కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది.

అలా ఒక శనివారం క్యాంటీన్ తలుపు దాకా వచ్చాం. వేళ్ళు చక్కగా నడుస్తున్నాయి. తలుపు దగ్గరావిడ పిల్లని వెనక్కి పంపింది. పిల్ల వచ్చి కూర్చుని అమ్మమ్మ ఇచ్చినది విప్పింది. వేళ్ళు ఆగిపోయాయి.

"క్యారియర్ అన్నావు," అంది టీచర్ కళ్ళు తెరవకుండానే.

"ఎక్కడ?"

"ఇప్పుడే. క్యారియర్. అది ఇంగ్లీషు మాట. నా పుస్తకంలో లేదు."

కాగితం చూసుకున్నాను. 'అమ్మమ్మ సర్దిన స్టీలు క్యారియర్ విప్పింది' అని నా దస్తూరీలోనే ఉంది. ఆలోచించి మార్చింది కాదు. నా చెయ్యి నన్నడక్కుండా మార్చేసింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం, చెప్పుల్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వనివాళ్ళం. చెప్పుల డబ్బాలో భోజనం అనే వాక్యానికి తెలుగులో కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. రాసే చెయ్యే లేదు.

ఇదంతా టీచర్‌కి వివరించాను. ఆవిడ ముందు బాగా నవ్వింది.

"న్యూయార్క్ వాళ్ళది స్మార్ట్ కంటెయినర్, నీది స్టీలు. నీదే నయం. తుప్పు పట్టదు."

తర్వాత నవ్వు ఆపేసింది.

"మా అమ్మమ్మకి బూట్లంటే ఏమిటో తెలియదనుకున్నావా బేబీ? మిసిసిపీ నుంచి షికాగోకి రైలెక్కే ముందు కొత్తవి కొనుక్కుంది. ఆ షాపులో మావాళ్ళు బూట్లు కాలికి తొడిగి చూసుకోకూడదు. ఇంటి దగ్గర కాగితం మీద పాదం గీసుకుని, కత్తిరించి, ఆ కాగితం పట్టుకెళ్ళాలి. షాపువాడు కాగితానికి సరిపోయే బూట్లిస్తాడు, కాలికి కాదు. రైల్లో భోజనాల బోగీ ఉంది, అందులో మావాళ్ళకి చోటు లేదు. బిగుతు బూట్లు కాళ్ళకేసుకుని, వాటి డబ్బాలో తిండి పెట్టుకుని బయల్దేరింది. షికాగోలో దిగేసరికి డబ్బా ఖాళీ, కాళ్ళ నిండా బొబ్బలు. ఆవిడ దగ్గర స్టీలు డబ్బా ఉంటే అందులోనే పెట్టుకునేది. లేదు. లేనిదాన్ని నువ్వు ఆవిడ చేతిలో ఎలా పెడతావు?"

క్యారియర్ కొట్టేసి బూట్ల డబ్బా అని రాశాను. మళ్ళీ చదివాను. వేళ్ళు కదిలాయి.

ఇంట్లో మా ఆయనకి చదివి వినిపిస్తే ఆయన సందేహం వేరే దారిలో వెళ్ళింది. ఆయనది వరంగల్.

"చికెన్‌ను షూ డబ్బల వెట్టుకొని శనిగ్రహం దాకా పోతదా ఆ పిల్ల? ఖరాబ్ గాదా?"

"అంతరిక్షంలో చలిగా ఉంటుంది."

"బయట గద చలి. ఓడ లోపల అందరు ఎట్ల బతుకుతున్నరు మరి? హీటర్ ఉంటదిగద."

ఈ ప్రశ్న టీచర్‌కి మోసుకెళ్ళాను. పుస్తకం గురించి తనకి వచ్చిన మొదటి సరైన ప్రశ్న ఇదేనంది. న్యూయార్క్‌లో అంతమంది చదివారు, అట్టడబ్బా ఎందుకని అడిగారు గానీ కోడి పాడవదా అని ఒక్కరూ అడగలేదట. అక్కడికక్కడే పెన్ను తీసి, పిల్ల తన డబ్బాని ఓడ వెలుపలి గోడకి ఆనించి, మంచు పట్టే చోట దాచుకుందని ఒక వాక్యం చేర్చింది. ఆ నవలని అలమరలో పెట్టేశాక ఆవిడ అందులో రాసిన మొదటి వాక్యం అది. ఆ సంగతి నేను గమనించినట్టు కనబడనివ్వలేదు. మా ఆయనకి చెబితే మాత్రం ఆ వారమంతా ఇంట్లో సైన్స్ సలహాదారు హోదాలో తిరిగాడు.

మొదటి అధ్యాయం సంపాదకులుగారికి పంపించాను. వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, అద్భుతం. ఆ క్యాంటీన్ ఘట్టం చదువుతూ మా ఆవిడ టీ చల్లార్చుకుంది. ఒక్కటే చిన్న విన్నపం."

విన్నపమేమిటో నాకు ఆయనకంటే ముందే తెలిసిపోయింది.

"చెప్పుల డబ్బాలో తిండి... మనవాళ్ళు జీర్ణించుకోలేరమ్మా. పత్రిక దేవుడి గదిలో పెట్టుకుని చదివేవాళ్ళున్నారు."

"వెబ్ పత్రిక కదా సర్."

"ఐప్యాడ్ పెట్టుకుంటారమ్మా. స్టీలు క్యారియర్ అనేద్దాం. కథకి వచ్చే నష్టమేముంది?"

వచ్చే నష్టమేమిటో చెప్పాను. మిసిసిపీ చెప్పాను, కాగితం పాదం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అంతా విని, "అయితే ఈ నెలకి ఆపుదాంలేమ్మా. ఆ పెళ్ళిపీటల అమ్మాయినే ఇంకో నెల కూర్చోబెడతాను," అన్నారు.

గురువారం పక్క బోగీ నిండిపోతే నిశ్శబ్ద బోగీలోనే కూర్చుని గుసగుసగా టీచర్‌కి చెప్పాను. ఆవిడ "మార్చేది లేదని చెప్పు" అంది, అంతే. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వేళ్ళు ఒళ్ళోనే ఉన్నాయి. షికాగో వచ్చేదాకా ఒక్క దెబ్బ వినబడలేదు. చిప్స్ శబ్దం కూడా నాకు పట్టలేదంటే చూసుకోండి.

ఆఫీస్‌కి వెళ్ళీ వెళ్ళగానే పిస్కాటవేకి ఫోన్ చేశాను.

"సర్, మీరు అమెరికా వచ్చినప్పుడు ఇంటినుంచి ఏం తెచ్చుకున్నారు?"

"ఎందుకమ్మా? సర్టిఫికెట్లు, ఒక కోటు, గోంగూర పచ్చడి."

"పచ్చడి దేంట్లో తెచ్చారు?"

"గాజు సీసాలో."

"సీసా పగలకుండా దేంట్లో పెట్టారు?"

"హలో, హలో, సరిగ్గా వినబడటం లేదమ్మా," అన్నారు. పిస్కాటవేలో సిగ్నల్ బాగానే ఉంటుంది.

"సీసాకి మూత ఉందమ్మా," అన్నారు చివరికి.

"దీనికి మైనం కాగితం ఉంది సర్."

"మా అమ్మే సర్దింది. చుట్టూ నా పాత బనియన్లు కుక్కి. ఆ సీసాకి సరిగ్గా అదే కొలతకి వచ్చిందని..." గొంతు తగ్గించారు. "కొత్త బూట్ల డబ్బానే. విమానం ఎక్కడానికని కొన్నవి."

"ఈ అమ్మమ్మవీ కొత్త బూట్లే సర్."

"మరీ లాయరులా మాట్లాడకమ్మా. వేద్దాం. తిట్లొస్తే నీ నంబరిస్తాను."

తిట్లొచ్చాయి. నంబరిచ్చారు.

మొదటి ఫోన్ మా ఊరినుంచే. సంఘంలో భోజనాల కమిటీ అంతా తన చేతి మీద నడిపించే ఆంటీ ఒకావిడ.

"ఏమ్మా, ఆ చెప్పుల కథ రాస్తున్నది నువ్వేనా?"

"అనువాదం ఆంటీ."

"ఏదైతేనేం. చెప్పుల డబ్బాలో తిండేమిటి, ఛీ ఛీ! చదువుతూ తింటున్న ఇడ్లీ పక్కన పెట్టేశాను."

"పోనీ మానేయండి ఆంటీ."

"మానేస్తే తర్వాత ఏమైందో ఎలా తెలుస్తుంది? ఇంతకీ ఆ పిల్లని రెండోసారైనా లోపలికి రానిస్తారా, లేదా?"

"వచ్చే నెల చదవండి."

"ఇప్పుడే చెప్పు, నేనెవరికీ చెప్పనులే."

ఆంటీ ప్రతినెలా పత్రిక రాగానే ఫోన్ చేసేది. ముందు ఛీ ఛీ, తర్వాత ప్రశ్న. నెలలు గడిచేకొద్దీ ఛీ ఛీలు తగ్గి ప్రశ్నలు పెరిగాయి. మట్టి పోసిన అధ్యాయం వచ్చిన నెల, "ఆ మట్టికి నీళ్ళెక్కడివమ్మా?" అని మా ఆయన స్థాయి ప్రశ్న అడిగింది.

అరిజోనాలోని చాండ్లర్ నుంచి కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడొకడు, దుమ్ము కూడా చొరబడకూడని తమ క్లీన్ రూమ్‌లోకి చూయింగ్ గమ్ కూడా రానివ్వరని, ఈ పిల్ల ఓడలోకి కోడి ఎలా తెచ్చిందో తెలిస్తే బాగుంటుందని రాశాడు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ప్రశ్న మాత్రం వేరు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు తల్లులు పైకి చదువుతుంటే విన్నారు. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకని తల్లులు రాశారు: "దీని ఇంగ్లీషు అనువాదం ఎప్పుడొస్తుందండీ?"

ఇది టీచర్‌కి చదివి వినిపించిన శనివారం, ఆవిడ నవ్వుకి లైబ్రేరియన్ వచ్చి గదిలోకి తొంగిచూసి వెళ్ళింది.

"షికాగోలో పుట్టినదాన్ని, ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రానిదాన్ని. నా పుస్తకాన్ని ఇంగ్లీషులోకి ఎవరు చేయగలరంటావు?"

"కాస్త కష్టపడితే మీరే చేయగలరేమో టీచర్."

ఆ ముచ్చట టీచర్ తన గురువారం క్లాసులో చెప్పింది. ఆ క్లాసులో ఒకావిడ దాన్ని, సిటీలో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్న తన స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలు ఒక శనివారం మా లైబ్రరీ గదికి వచ్చి, మూలన కుర్చీలో కూర్చుని, రెండు భాషల్లోనూ ఒక అధ్యాయం పూర్తిగా విన్నది.  చదవడం అయిపోయాక ఆ ప్రచురణకర్త ఒక్కటే అడిగింది.

"ఆ డబ్బా చివరిదాకా ఉంటుందా?"

"ఉంటుంది," అంది టీచర్. యుద్ధానికి సిద్ధమైన గొంతు.

"ఉండనీ," అంది ఆవిడ.

నవల ఆకురాలే కాలంలో వచ్చింది. అట్ట మీద ఓడ లేదు, నక్షత్రాలు లేవు. దారం కట్టిన అట్టడబ్బా ఒకటి, అంతే. లోపల చిన్న అక్షరాలతో, ఈ నవల మొదట తెలుగు అనువాదంలో సీరియల్‌గా వెలువడింది అని ఒక వాక్యం ఉంది. టీచర్ ఆ వాక్యం కింద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"ఇది చదివితే న్యూయార్క్ ఆయన తికమకపడతాడు," అంది.

ఆ మర్నాటినుంచే రెండో నవల మొదలుపెట్టింది. ఇప్పుడు నిశ్శబ్ద బోగీలోనే కూర్చుని తాళం వేస్తుంది. ఎవరైనా ఏమైనా అనబోతే చిప్స్ వైపు వేలు చూపిస్తుంది.

ఆ ఏడాది మా సంఘం వార్షికోత్సవానికి టీచర్‌ని విశిష్ట అతిథిగా పిలిచారు. ఒక హైస్కూల్ ఆడిటోరియంలో కార్యక్రమం. విశిష్ట అతిథికి కేటాయించిన సమయం పిల్లల సినిమా డాన్సులకీ భోజనాలకీ మధ్య ఐదు నిమిషాలు. తెలుగు సభల్లో ఆ ఐదు నిమిషాలు ఎలాంటివో తెలిసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. సాక్షాత్తూ బ్రహ్మ వచ్చి సృష్టి రహస్యం చెప్పినా, జనం ప్లేట్ల వరస ఎటువైపు మొదలవుతుందో చూసుకుంటూ వింటారు.

సంపాదకులుగారు పిస్కాటవే నుంచి ప్రత్యేకంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయన చేతులతోనే టీచర్‌కి శాలువా కప్పించారు.

"చలిగా ఉందని కప్పారా?" అని టీచర్ నా చెవిలో అడిగింది.

"గౌరవం టీచర్."

"రెండూ పనికొస్తాయి," అని శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది. ఆ హాల్లో ఏసీ అలాంటిది.

క్యాంటీన్ తలుపు ఘట్టం చదివాం. ఆవిడ ఇంగ్లీషులో ఒక పేరా, నేను తెలుగులో అదే పేరా. నా వంతు వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ ఆవిడ వేళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. మైకు పక్కనే ఉండటంతో ఆ తాళం హాలంతా వినబడింది. మొదటి పేరాలో వెనక వరసల వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మూడో పేరాకి, నడవాలో పరుగెత్తుతున్న పిల్లలు ఆగి నిలబడ్డారు. "నీ వరస ఇది కాదు తల్లీ" దగ్గర నేను తలెత్తి చూస్తే, సంపాదకులుగారు కళ్ళజోడు తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని ఉన్నారు. పిల్ల దారం చుట్టి దాచుకుంది. ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. కార్యక్రమం నడిపే అమ్మాయి మమ్మల్ని ఆపడానికి రాలేదు.

అప్పటికే పక్క హాల్లో బిర్యానీ మూత తీశారు. వాసన ఆడిటోరియంలోకి వచ్చింది. ఎవరూ లేవలేదు. భోజనాలు తెచ్చినవాళ్ళు, ఏదైనా ఇబ్బంది జరిగిందేమోనని తలుపు తీసి చూశారు. మూత తీసిన బిర్యానీని లెక్కచేయని తెలుగువాళ్ళని నేను అమెరికాలో అంతకుముందు చూడలేదు. ఇండియాలోనూ చూడలేదు. చదవడం పూర్తయ్యాక మొదట చప్పట్లు కొట్టింది మా ఆయనే. తర్వాత హాలంతా లేచింది, ఈసారి కూడా భోజనాలకి కాదు.

టీచర్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "బేబీ, వీళ్ళు కూర్చోరేమిటి?" అంది.

"ఇదీ గౌరవమే టీచర్."

పుస్తకాల మీద సంతకాలు పెట్టించుకునే వరస ప్లేట్ల వరసంత పొడుగైంది. అది తగ్గాక భోజనాల కమిటీ ఆంటీ వచ్చింది. చేతిలో ఒక బూట్ల డబ్బా. దారం కట్టి ఉంది.

"మా మనవరాలి స్నీకర్లవి. కొత్త డబ్బానే," అంది నాతో, కాస్త కోపంగానే. "లోపల ఫాయిల్ వేశాను, దానిమీద బటర్ పేపర్ వేశాను. పులిహోర, గుడ్లు. ఆవిడకి బిర్యానీ కారం పడుతుందో పడదో అని."

టీచర్ డబ్బాని రెండు చేతులతో అందుకుంది. దారం విప్పి, వేలికి చుట్టచుట్టి శాలువా మడతలో దాచుకుంది. అక్కడే, నిలబడే, చేత్తో ఒక ముద్ద తిన్నది. కళ్ళు మూసుకుని నమిలింది. డబ్బా అడుగున రెండు వేళ్ళు కదిలాయి.

"ఈవిడకి కథలో ఏది నచ్చిందో అడుగు," అంది నాతో.

అడిగాను.  ఆంటీ డబ్బా మూత తీసుకుని, దాని అంచులు సరిచేసి, మళ్ళీ టీచర్ చేతికిచ్చింది.

"నచ్చడానికేముందమ్మా. ఆ తలుపు దగ్గర నిలబడి పిల్లని వెనక్కి పంపిందే, ఆవిడ అచ్చం మా అమ్మే. పాలేరు పిల్లల్ని వంటింటి గుమ్మంలో అలాగే నవ్వుతూ ఆపేసేది."